ఒకసారి విరాళం ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే: బెంగళూరులోని చిన్న ట్రస్టులు ఏం చేయాలి?

"పోయినేడు విరాళం ఇచ్చినవాళ్లలో సగం మంది ఈసారి ఫోనే ఎత్తట్లేదండీ. ఏం చేయాలి?"

బెంగళూరులో చిన్న ట్రస్టులు, సేవా సంఘాలు నడిపే తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. మారతహళ్లిలో అపార్ట్‌మెంట్ స్నేహితులు కలిసి పెట్టుకున్న ట్రస్టు కావచ్చు, సర్జాపుర రోడ్డు పక్కన బిల్డింగు కూలీల షెడ్లలో పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే సంఘం కావచ్చు, కె.ఆర్.పురంలో ఒంటరి వృద్ధులకు మందులు అందించే బృందం కావచ్చు. అందరి బాధా ఒకటే.

చాలామంది దాతలు జారిపోయేది ఒక విరాళానికీ ఇంకో విరాళానికీ మధ్య ఉన్న నెలల్లో. పది వేలు పంపాక ఒక రసీదు వస్తుంది. ఆ తర్వాత ఏడాదంతా ఏ కబురూ ఉండదు. మార్చి మూడో వారంలో ఉన్నట్టుండి "మీ సహకారం కోరుతున్నాం" అని మెసేజ్ దిగుతుంది. మొదటి డబ్బు ఏమైందో తెలియని మనిషి రెండోసారి ఎందుకు ఇస్తాడు? కొత్త దాతల కోసం పడే తిరుగుడులో కొంత ఈ ఖాళీ నెలల మీద పెట్టండి. ఎలా పెట్టాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

ఇది యాభై నుంచి ఐదు వందల మంది వరకు దాతలుండి, ఈ పనికి జీతం ఇచ్చి మనిషిని పెట్టుకోలేని సంస్థల కోసం రాసింది. వారానికి రెండు మూడు గంటలు కూర్చోగలిగిన ఒక్కరుంటే చాలు.

కావలసినవి

- గత రెండు మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, రసీదు పుస్తకాలు.
- ఒక ఎక్సెల్ లేదా గూగుల్ షీటు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఐదు వందల పేర్ల దాకా షీటు హాయిగా మోస్తుంది.
- సంస్థ పేరు మీద విడిగా ఒక సిమ్, దాని మీద వాట్సాప్ బిజినెస్. సెక్రటరీ గారి సొంత నంబర్ నుంచి పంపితే, ఆయన మారిన రోజున సంబంధాలన్నీ ఆయనతోపాటే వెళ్లిపోతాయి.
- 12ఎబి రిజిస్ట్రేషన్ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు కోసం), 80జి ఆమోదం (దాతకు పన్ను మినహాయింపు కోసం) కాగితాలు. వాటి గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి.
- కన్నడ, ఇంగ్లిష్‌లలో చక్కగా రాయగల ఒక మనిషి. తెలుగువాళ్లు పెట్టిన ట్రస్టయినా, అదే అపార్ట్‌మెంట్లో ఉండే కన్నడ, తమిళ, హిందీ కుటుంబాలు కూడా మీకు ఇస్తున్నాయి.

1. జాబితాను ఒక్కచోటికి తెండి

ముందు చేయాల్సింది ఇదే, విసుగొచ్చే పని కూడా ఇదే. బ్యాంకు స్టేట్‌మెంట్లో యూపీఐ ఐడీ కనిపిస్తుందే గానీ మనిషి కనిపించడు. ఒక్కో ఎంట్రీ పట్టుకుని ఎవరిదో తేల్చుకోవాలి. షీటులో ఈ గడులు పెట్టండి: పేరు, ఫోన్, ఈమెయిల్, పాన్, ఏ భాషలో మాట్లాడతారు, ఎలా పిలవాలి (సార్, మేడమ్, గారు), మొదటి విరాళం తేదీ, చివరి విరాళం తేదీ, ఎంత, దేనికోసం, చివరిసారి మనం ఎప్పుడు మాట్లాడాం.

ఇంకో గడి చాలామంది వదిలేస్తారు: ఎవరి ద్వారా వచ్చారు? మనవాళ్లలో మొదటి విరాళం తరచుగా సంస్థను చూసి రాదు, మనిషిని చూసి వస్తుంది. "మా బావ చెప్పాడు కదా అని ఇచ్చాను" అనే దాతకు మీ ట్రస్టు పేరు కూడా సరిగ్గా గుర్తుండదు. అలాంటివాళ్లను మీవాళ్లుగా చేసుకోవాలంటే మొదటి కబురు ఆ బావగారి పేరుతోనే మొదలవ్వాలి. ఏటా జరిగే టీసీఎస్ వరల్డ్ 10కె లాంటి పరుగుల్లో మీ తరఫున ఎవరైనా పరిగెత్తి డబ్బు పోగు చేసినా ఇదే లెక్క. వాళ్లంతా ఆ పరిగెత్తిన మనిషి స్నేహితులు. మొదటి థాంక్స్ ఆ మనిషితో చెప్పించండి, రెండోది మీరు చెప్పండి.

హెచ్చరిక: అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోంచి నంబర్లు ఎత్తి జాబితాలో వేసుకోవద్దు. వ్యక్తిగత సమాచారం వాడాలంటే ఆ మనిషి ఒప్పుకోలు ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, అడగకుండా నంబర్ తీసుకున్నారని తెలిస్తే నమ్మకం అక్కడే పోతుంది. దాతలందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో వేయడం కూడా తప్పే. ఒకరి నంబర్ ఇంకొకరికి కనిపిస్తుంది, పొద్దున్నే గుడ్‌మార్నింగ్‌లు మొదలవుతాయి, పనికొచ్చే దాతలు బయటికెళ్లిపోతారు.

2. నలభై ఎనిమిది గంటల్లో ఫోన్ చేయండి

ఈ మొత్తంలో ఒక్కటే చేయగలిగితే దీన్నే చేయండి. మొదటిసారి ఇచ్చిన ప్రతి ఒక్కరికీ, ఐదు వందలు ఇచ్చినా యాభై వేలు ఇచ్చినా, రెండు రోజుల్లోపు మనిషి గొంతు వినిపించాలి.

ఐటీ ఉద్యోగులకు పొద్దున పది, పదకొండు మధ్య చేయకండి, అప్పుడు మీటింగుల్లో ఉంటారు. ముందు ఒక మెసేజ్ పెట్టండి: "మీ విరాళం అందిందండీ. ఒక్క రెండు నిమిషాలు మాట్లాడదామని, ఎప్పుడు వీలవుతుంది?" సాయంత్రం ఏడు తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీద క్యాబులో కూర్చున్నవాళ్లు తరచుగా తీరిగ్గానే మాట్లాడతారు. సొంతంగా బండి నడుపుతున్నారని తెలిస్తే మాత్రం వెంటనే పెట్టేయండి.

ఏం మాట్లాడాలి?

"నమస్తే అండీ, సాయంత్రం బడి నుంచి మాట్లాడుతున్నాను. నిన్న మీరు పంపిన రెండు వేలు అందాయి. ఈ నెల పిల్లల నోటు పుస్తకాలకు వాడుతున్నాం. థాంక్స్ చెబుదామనే చేశాను, ఇంకేం లేదు. ఒక్క మాట అడగొచ్చా? మా గురించి మీకెలా తెలిసిందండీ?"

ఆ చివరి ప్రశ్న అడిగి ఊరుకోండి. వాళ్లు చెప్పేది వినండి. "మా నాన్న కూడా వీధి దీపం కింద చదువుకున్నారు" అని ఒకరు చెబుతారు. "మా ఇంట్లో పనిచేసే అక్క పిల్లలు మీ దగ్గరికే వస్తారు" అని ఇంకొకరు చెబుతారు. ఫోన్ పెట్టగానే అదే మాట, వాళ్ల మాటల్లోనే, షీటులో రాసుకోండి. వచ్చే ఏడాది మీరు ఏం చెప్పాలో ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఈ ఫోనులో చేయకూడనివి మూడు: ఇంకో విరాళం అడగడం, నెలనెలా ఇవ్వమని ఒప్పించబోవడం, సంస్థ చరిత్ర మొత్తం చెప్పడం. రెండు నిమిషాలు అన్నారు కదా, రెండు నిమిషాల్లోనే ముగించండి. చివర్లో "ఈ నంబర్ సేవ్ చేసుకోండి, అప్పుడప్పుడూ కబురు పంపుతాం" అని మాత్రం తప్పక చెప్పండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు ద్వారా పంపేవి మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరతాయి. "మేం అందరికీ పంపుతూనే ఉన్నామండీ, స్పందనే లేదు" అనేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఒక్కో లిస్టులో 256 మందికి మించి పట్టరు కూడా.

ఫోన్ ఎత్తకపోతే రెండోసారి ప్రయత్నించి వదిలేయండి. బదులుగా ముప్పై సెకన్ల వాయిస్ నోట్ పంపండి. ప్రెసిడెంట్ గారి గొంతు కన్నా, పాఠం చెప్పే టీచర్ గొంతయితే ఇంకా మంచిది.

3. రసీదు, పన్ను కాగితం

థాంక్స్ వేరు, రసీదు వేరు. రెండూ ఒకే మెసేజ్‌లో కుక్కితే థాంక్స్ కనిపించదు.

పన్ను విషయంలో తప్పుడు మాట చెప్పి దాతను పోగొట్టుకోవడం చాలా తేలిక. అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే తప్పు "సగం డబ్బు వెనక్కి వస్తుంది" అనడం. లెక్క చూడండి. మామూలు ట్రస్టుకు పది వేలు ఇస్తే 80జి కింద సగం, అంటే ఐదు వేలు, దాత ఆదాయంలోంచి తగ్గుతుంది. ముప్పై శాతం శ్లాబులో ఉంటే దాతకు ఆదా అయ్యే పన్ను 1,500, సెస్సుతో కలిపి 1,560 రూపాయలు. అదీ పాత పన్ను విధానం ఎంచుకుంటేనే. కొత్త విధానంలో 80జి మినహాయింపు లేదు. 2023-24 నుంచి, వేరేది ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తోంది కాబట్టి మీ దాతల్లో చాలామందికి పన్ను లాభం ఉండకపోవచ్చు. ఐదు వేలు వస్తాయనుకుని ఇచ్చిన మనిషి జులైలో రిటర్న్ వేసేటప్పుడు నిరాశపడితే, ఆ నిరాశ మీ మీదే ఉంటుంది.

గుర్తుంచుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. రెండు వేలకు మించిన నగదు విరాళానికి మినహాయింపు రాదు. బియ్యం, దుప్పట్లు, పాత ల్యాప్‌టాప్‌ల లాంటి వస్తువులకూ రాదు. అర్హమైన మొత్తానికి దాత ఆదాయంలో పది శాతం అనే పరిమితి ఉంది. ఏడాదిలో వచ్చిన విరాళాల వివరాలు ఫారం 10బిడిలో మే 31లోపు దాఖలు చేయాలి, ఆ తర్వాత ప్రతి దాతకూ 10బిఇ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు పడుతుంది. 10బిఇ లేకపోతే మీ రసీదు ఎంత అందంగా ఉన్నా దాతకు మినహాయింపు దొరకడం కష్టం. దాఖలుకు పాన్ లేదా ఆధార్ లాంటి గుర్తింపు నంబర్ కావాలి. అది మే నెలలో అందరి వెంటా పడి అడిగే కన్నా, విరాళం వచ్చిన రోజే తీసుకోండి.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి, ఆ తేదీ తర్వాత వచ్చే విరాళాలకు రసీదు మీద ఏ సెక్షన్ నంబర్ వేయాలో, ఏ ఫారం వాడాలో మీ ఆడిటర్‌ని అడిగి అచ్చు వేయించండి. పైన అందరికీ అలవాటైన పాత నంబర్లే రాశాను.

4. కబురు ఎలా రాయాలి

చాలా సంస్థలు పంపే మెసేజ్ ఇలా ఉంటుంది:

"సమాజంలోని అణగారిన వర్గాల బాలబాలికల సర్వతోముఖాభివృద్ధే ధ్యేయంగా మా సంస్థ గత కొన్నేళ్లుగా అవిశ్రాంతంగా కృషి చేస్తున్న విషయం మీకు విదితమే. ఈ మహత్కార్యంలో మీరూ భాగస్వాములు కాగలరు."

దీన్ని చదివిన మనిషికి ఏమీ కనిపించదు. ఇదే సంస్థ ఇలా రాయొచ్చు:

"మన సాయంత్రం బడికి జూన్‌లో ఒక పాప వచ్చింది. వాళ్ల అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ వైపు నుంచి బిల్డింగు పనికి వచ్చారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మూడో తరగతిలో ఉన్నా రెండు భాషల్లోనూ అక్షరాలు కూడబలుక్కోలేకపోయేది. నిన్న కన్నడ వాచకంలో ఒక పేజీ ఆగకుండా చదివింది. మధ్యలో ఒక మాట తప్పు చదివి, తనే ఆగి, తనే దిద్దుకుంది. ఈ కబురు మీకు చెప్పాలనిపించింది."

ఇందులో విరాళం మాటే లేదు. ఉండకూడదు కూడా. తనే ఆగి తనే దిద్దుకుందన్న ఆ చిన్న వివరమే దాతకు గుర్తుండిపోతుంది. అలాంటివి ఆఫీసులో కూర్చుంటే దొరకవు. వారానికి ఒకసారి టీచర్‌నో, మందులిచ్చే నర్సునో "ఈ వారం ఏం జరిగింది?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

అంకెలతో పాటు ఒక మనిషి కథ చెబితే ఇంకా బలంగా ఉంటుందనిపిస్తుంది గానీ అలా జరగదు. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ అమెరికాలో చేసి 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక్క పాప గురించి మాత్రమే చదివినవాళ్లు ఎక్కువ ఇచ్చారు. ఆ పాప కథకు కరువు గణాంకాలు జోడించేసరికి ఇచ్చేది తగ్గింది. కాబట్టి కథ ఒక మెసేజ్‌లో పంపండి, లెక్కలు ఇంకో మెసేజ్‌లో పంపండి.

లెక్కలు కూడా పంపాలి, తప్పదు. బెంగళూరు దాత సాధారణంగా లెక్క చూసే మనిషే. నమూనాగా ఒకటి చూడండి. ముప్ఫై నాలుగు మంది పిల్లలున్న సాయంత్రం బడి నెల ఖర్చు: ఇద్దరు టీచర్లకు 18,000, రోజూ ఉడికించిన శనగలు, అరటిపండు 9,800, పుస్తకాలు, కరెంటు 2,200, ఆడిట్, బ్యాంకు, ఫోన్ ఖర్చుల వాటా 2,000. మొత్తం 32,000. ఒక్కో బిడ్డకు నెలకు సుమారు 940. ఆ చివరి రెండు వేలు దాచకండి. "ప్రతి పైసా పిల్లలకే వెళ్తుంది" అని రాస్తే, ఆడిట్ ఫీజు ఎవరు కడుతున్నారని తెలివైన దాత మనసులో అడుగుతాడు.

ఇంకో హెచ్చరిక. డబ్బంతా ఒకే ఖాతాలో కలిపి ఖర్చు పెడుతూ "మీ డబ్బుతో ఈ పాపకే బ్యాగు కొన్నాం" అని చెప్పకండి. "ఒక బిడ్డకు నెలకయ్యే ఖర్చు ఇంత" అనడంలో నిజం ఉంది, అది చాలు.

ఫొటోల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఏడుస్తున్న పిల్లలు, చేతులు చాచిన ముసలివాళ్లు, విరాళం అందుకుంటూ తలవంచుకున్న తల్లి, ఇవేవీ వద్దు. డబ్బు కోసం వాళ్ల గౌరవాన్ని తాకట్టు పెట్టే హక్కు మనకు లేదు. తల్లిదండ్రుల అనుమతి వాళ్లకు వచ్చిన భాషలో అడిగి తీసుకోండి. వసతి గృహాల్లో, సంరక్షణ కేంద్రాల్లో ఉండే పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ ప్రకారం నేరం. ముఖం లేకుండానే మంచి ఫొటో తీయొచ్చు: నోటు పుస్తకంలో చేతిరాత, గుమ్మం ముందు వరసగా విప్పిన చెప్పులు, బోర్డు మీద సగం చేసిన లెక్క.

5. ఎప్పుడు పంపాలి, ఎప్పుడు అడగాలి

నేను చెప్పే నియమం ఒకటే: రెండుసార్లు అడగడానికి మధ్య, ఏమీ అడగని కబుర్లు కనీసం రెండు వెళ్లాలి. నెలకు ఒక కబురు చాలు, వారానికొకటి ఎక్కువ.

అడగడానికి మంచి సమయాలు ఇవి: జీతాలు పడే నెలాఖరు నుంచి ఐదో తేదీ వరకు, బడులు తెరిచే జూన్ మొదట్లో, అక్టోబర్ 2 నుంచి 8 దాకా దేశమంతా జరుపుకునే దాన్ ఉత్సవ్ వారంలో, ఉగాదికి ముందు. మార్చి 31 ముందు అందరూ అడుగుతారు కాబట్టి అందులో మీ గొంతు వినపడదు. ఫిబ్రవరిలోనే అడిగేయండి. సంక్రాంతి వారంలో అసలు పంపకండి. మనవాళ్లంతా అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ దారుల్లో బస్సుల్లో, కార్లలో ఉంటారు. మెసేజ్ చూసినా మర్చిపోతారు.

మన కుటుంబాల్లో విరాళానికి ఇంకో సందర్భం ఉంది. అమ్మానాన్నల సంవత్సరీకం. ఆ రోజు పిల్లలకో, వృద్ధులకో భోజనం పెట్టించాలని చాలామంది అనుకుంటారు, ఉద్యోగం హడావుడిలో కుదరదు. మీ దగ్గర పోయినేడు అలా పెట్టించినవాళ్ల జాబితా ఉంటే, వారం ముందు ఫోన్ చేయండి: "పోయినేడు మీ నాన్నగారి పేరు మీద పిల్లలకు భోజనం పెట్టించారు కదండీ. ఈసారి ఏమైనా అనుకుంటున్నారేమో కనుక్కుందామని చేశాను." తేదీ మాత్రం గుడ్డిగా షీటులోంచి తీసుకోవద్దు. చాలామంది తిథి ప్రకారం చేస్తారు, తిథి ఏటా వేరే తేదీకి వస్తుంది. మొదటి ఏడాదే మాసం, పక్షం, తిథి అడిగి రాసుకుని, ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఏడాది తేదీలన్నీ షీటులో వేసుకోండి. భోజనం అయ్యాక ఆ సాయంత్రమే రెండు వాక్యాలు, ఒక ఫొటో పంపండి, వడ్డించిన విస్తరిదైనా సరే. ఇలా వచ్చే దాతలు మానేయడం చాలా అరుదు. కానీ ఇది వాళ్ల దుఃఖంతో ముడిపడిన విషయం. వద్దంటే ఇంకో మాట మాట్లాడకుండా నమస్కారం పెట్టి ముగించండి.

6. అడిగేటప్పుడు

ఎంత, దేనికి, ఎప్పటిలోగా అన్న మూడూ ఉండాలి. "తోచినంత ఇవ్వండి" అనడం మర్యాదగా అనిపిస్తుంది గానీ, ఎంత ఇస్తే బాగుంటుందో తేల్చుకోలేక దాత "తర్వాత చూద్దాం" అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు.

"పోయిన జూన్‌లో మీరిచ్చిన దాంతో ఇద్దరు పిల్లలకు రెండు నెలల చదువు సాగింది. ఈ జూన్‌లో కొత్తగా ఎనిమిది మంది చేరుతున్నారు. ఒకరికి మూడు నెలలకు 2,820 అవుతుంది. పదో తేదీలోగా వీలైతే చెప్పండి. ఈసారి కుదరకపోయినా పర్వాలేదండీ, కబుర్లు మాత్రం పంపుతూనే ఉంటాం."

చివరి వాక్యం మొహమాటానికి పెట్టింది కాదు. కుదరదని చెప్పడానికి దారి ఉన్న దాత మీ ఫోన్ చూసి భయపడడు, వచ్చేసారి ఎత్తుతాడు. తెలిసినవాళ్ల మొహమాటం మీద డబ్బు వసూలు చేస్తే ఒకసారి వస్తుంది, రెండోసారి నంబర్ బ్లాక్ అవుతుంది.

ఉద్యోగం చేసేవాళ్లయితే ఒక మాట జోడించండి: "మీ కంపెనీలో ఉద్యోగి విరాళానికి సమానంగా కంపెనీ కూడా ఇచ్చే పథకం ఉందేమో చూడండి." బెంగళూరులో చాలా పెద్ద కంపెనీలకు ఇది ఉంది, ఉద్యోగులు పట్టించుకోరు.

7. నెలనెలా ఇచ్చేవాళ్లు

రెండోసారి ఇచ్చాకే నెలనెలా విరాళం మాట ఎత్తండి. యూపీఐ ఆటోపే పెడితే 15,000 వరకు ప్రతిసారీ పిన్ కొట్టక్కర్లేదు. డబ్బు కట్ అయ్యే ముందు రోజు దాతకు మెసేజ్ వెళ్తుంది. ఆ మెసేజ్ చూసినప్పుడల్లా దాత "ఇది ఇంకా అవసరమా?" అని ఒక్క క్షణం ఆలోచిస్తాడు. అందుకే మీ నెలవారీ కబురు దానికి రెండు మూడు రోజుల ముందు చేరేలా చూడండి.

ఒక నెల డబ్బు కట్ కాకపోతే మానేశారని అనుకోకండి. ఖాతా మారి ఉండొచ్చు, కార్డు గడువు అయిపోయి ఉండొచ్చు. "మీ విరాళం ఆగిపోయింది" అనకుండా "ఈ నెల బ్యాంకు దగ్గర ఏదో తేడా వచ్చినట్టుంది, ఒకసారి చూస్తారా?" అని అడగండి.

8. అమెరికాలో ఉన్న బంధువులు

ఇక్కడ తప్పు జరిగితే సంస్థకే ముప్పు, అందుకే విడిగా చెబుతున్నాను. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో ఇస్తే అది విదేశీ విరాళం కాదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. రూపాయల్లో, ఇక్కడి ఖాతా నుంచి ఇచ్చినా అంతే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి. రిజిస్ట్రేషన్ ఉన్నా ఆ డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. కాబట్టి ఎంత దగ్గరి బంధువైనా ముందు అడగండి: "ఇప్పుడు మీది ఏ పాస్‌పోర్టు?" మొహమాటపడి అడగకపోతే తర్వాతి టెన్షన్ అంతా మీదే. మీకు ఎఫ్‌సీఆర్‌ఏ లేకపోతే ఆ విషయం మర్యాదగా చెప్పి వద్దనండి.

9. రమ్మని పిలవండి

ఒకసారి కళ్లతో చూసిన దాత మామూలుగా నిలుస్తాడు. శనివారం ఉదయం మంచిది, ట్రాఫిక్ కాస్త తక్కువ. వచ్చినవాళ్లకు కుర్చీ వేసి శాలువా కప్పి పిల్లలతో పాటలు పాడించకండి. ఒక పని ఇవ్వండి: అరగంట ఒక బిడ్డకు కథ చదివి వినిపించడం, లెక్కల్లో సాయం చేయడం. పిల్లలతో సెల్ఫీలు వద్దని, చాక్లెట్లు పంచొద్దని ముందే చెప్పండి. అలా చెప్పినందుకు మంచి దాత మిమ్మల్ని ఇంకా గౌరవిస్తాడు.

10. చెడ్డ వార్త కూడా చెప్పండి

టీచర్ మానేసింది, మూడు వారాలు బడి జరగలేదు. బిల్డింగు పని అయిపోయి పన్నెండు కుటుంబాలు ఒకేసారి వేరే సైటుకు వెళ్లిపోయాయి, చదువు మధ్యలో ఆగింది. ఇలాంటివి దాచి అంతా బాగుందని రాస్తుంటే దాతకు అనుమానం వస్తుంది. ఏం జరిగింది, ఇప్పుడేం చేస్తున్నాం, ఎప్పటికి సర్దుకుంటుంది అని నాలుగు వాక్యాలు రాయండి. అదే మెసేజ్‌లో డబ్బు మాత్రం అడగకండి.

11. మానేసినవాళ్లకు

ఏడాదిన్నరగా ఇవ్వనివాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. "ఎందుకు మానేశారు?" అని కాకుండా, "మీరు అప్పట్లో ఇచ్చిన దాంతో మొదలైన లైబ్రరీ ఇప్పుడు ఇలా ఉంది" అని చెప్పి, "మా వైపు నుంచి ఏమైనా లోటు జరిగిందా అండీ?" అని అడగండి. ఈ ఊళ్లో ఉద్యోగాలు ఒక్క ఈమెయిల్‌తో పోతున్న కాలం ఇది. ఉద్యోగం పోయిందని చెబితే విరాళం సంగతి పక్కన పెట్టి మనిషిలా మాట్లాడండి. కబుర్లు కావాలా వద్దా అడిగి, వద్దంటే ఆ రోజే జాబితాలోంచి తీసేయండి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

లైకులు, బ్లూ టిక్కులు చూసి మోసపోకండి. రెండు లెక్కలు చాలు. మొదటిది: పోయినేడు ఇచ్చిన 120 మందిలో ఈ ఏడాది మళ్లీ 54 మంది ఇస్తే, నిలిచింది 45 శాతం. ఈ ఏడాది కొత్తగా వచ్చినవాళ్లను ఇందులో కలపకూడదు. చాలామంది కలిపేసి, మొత్తం సంఖ్య పెరిగింది కదా అని సంతోషపడతారు. రెండోది: మొదటిసారి ఇచ్చినవాళ్లలో ఎంతమంది రెండోసారి ఇచ్చారు? ఇదే అసలైన పరీక్ష. దీన్ని విడిగా, ఆరు నెలలకోసారి చూసుకోండి. మొత్తం శాతం బాగుండి ఇది తక్కువగా ఉంటే, మీ పాత స్నేహితులే సంస్థను మోస్తున్నారని అర్థం. అప్పుడు రెండో అంచెకి, ఆ నలభై ఎనిమిది గంటల ఫోనుకి తిరిగి వెళ్లండి. షీటులో విరాళం తేదీ పక్కన ఫోన్ చేసిన తేదీ వేసుకుంటే ఎక్కడ జారుతోందో కనిపిస్తుంది.

అంకెలు కాకుండా ఇంకో పరీక్ష ఉంది. మూడు నెలలకోసారి జాబితాలోంచి ఐదుగురిని ఎంచుకుని ఫోన్ చేసి అడగండి: "మీరు పోయినసారి ఇచ్చిన డబ్బు దేనికి వాడామో మీకు గుర్తుందా అండీ?" ముగ్గురైనా సొంత మాటల్లో చెప్పగలిగితే మీ కబుర్లు చేరుతున్నట్టే. "ఏదో పిల్లలకనుకుంటా" అంటే, గత మూడు మెసేజ్‌లు ముందు పెట్టుకుని, వాటిలో బయటి మనిషికి కనిపించే దృశ్యం ఒక్కటైనా ఉందేమో చూడండి. లేకపోతే ఈ వారం టీచర్ దగ్గరికి వెళ్లి కూర్చుని, జరిగింది చెప్పమని అడిగి, తర్వాతి మెసేజ్ అక్కడి నుంచే రాయండి.